పీట కోసం యుద్ధం, మేకు కోసం ప్రేమ!

రాజులు కొట్టుకునేది రాజ్యాల కోసమే అనుకుంటున్నారా? పప్పులో కాలేశారు! ఒక సంస్కృతికి ఇంకో సంస్కృతి ఎదురుపడ్డప్పుడు చిచ్చు రేగేది చాలాసార్లు పీట దగ్గర, టోపీ దగ్గర, గడ్డం దగ్గర, ఆఖరికి జెండా కర్ర దగ్గర! నమ్మరా? అయితే కాచుకోండి. మొదటి ప్రశ్న వదులుతున్నాం!

మీకు తెలుసా? కూర్చోడానికి పీట అడిగినందుకు ఓ యుద్ధమే జరిగింది! 1900 మార్చి నెల. ఇప్పటి ఘనాలో ఉన్న కుమాసి నగరం. బ్రిటిష్ గవర్నరు ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ అశాంతి తెగ పెద్దలందర్నీ సమావేశపరిచి, మీ బంగారు పీట ఏది, దాని మీద నన్నెందుకు కూర్చోబెట్టలేదని దబాయించాడు. పెద్దలు కిక్కురుమనకుండా విన్నారు. ఇళ్లకు వెళ్లారు. తుపాకులు తీశారు!

ఇంతకీ ఆ పీట సంగతి తెలుసా? అందులో తమ జాతి ప్రాణం ఉందని అశాంతీల నమ్మకం. దాన్ని నేలకు తాకనివ్వరు. దానికి విడిగా ఓ ఆసనం వేసి, దాని మీద పక్కకు వాల్చి ఉంచుతారు. మరి ఆ పీట మీద ఎవరు కూర్చుంటారు? ఎవరూ కూర్చోరు! వాళ్ల రాజుకే దిక్కు లేదు, గవర్నరుగారు బయల్దేరారు!

తిరుగుబాటును నడిపింది ఎవరో ఊహించండి. ఎజిసు రాజమాత యా అసంతెవా! కుమాసి కోటను అశాంతీలు చుట్టుముట్టి లోపలివాళ్లను ఆకలితో మాడ్చారు. గవర్నరు భార్యను వెంటబెట్టుకుని ఎలాగో బయటపడ్డాడు. చివరికి బ్రిటిష్ సైన్యమే గెలిచి, రాజమాతను సీషెల్స్ దీవులకు పంపేసింది. పీట మాత్రం దొరకలేదు! ఇరవై ఏళ్ల తర్వాత రోడ్డు వేసే కూలీలకు అది అనుకోకుండా కనబడింది. అప్పటికి దొరలకు జ్ఞానోదయమై, మీ పీట జోలికి రాం బాబూ అనేశారు. అంత రక్తం పారినా దాని మీద దొర కూర్చున్నదీ లేదు, చూసిందీ లేదు!

మీకు తెలుసా? ఒకే కొండ మీద జెండా కర్రను నాలుగుసార్లు నరికారు! న్యూజిలాండ్‌లో మావోరి నాయకుడు హోనే హెకేకి కొండ మీద బ్రిటిష్ జెండా కంటగింపైంది. 1844 జులైలో ఒకసారి నరికించాడు. మళ్లీ నిలబెట్టారు. 1845 జనవరిలో రెండుసార్లు పడగొట్టాడు. ఈసారి కర్రకు ఇనుప తొడుగేసి కాపలా పెట్టారు. మార్చి 11న నాలుగోసారి కూల్చేశాడు, యుద్ధం మొదలైంది! అసలు తమాషా ఏమిటంటే, మొదట ఆ కర్రను బహుమతిగా ఇచ్చింది కూడా హెకేనే అంటారు!

మీకు తెలుసా? ఒక మోకాలా, రెండు మోకాళ్లా అని రెండు సామ్రాజ్యాలు బేరమాడుకున్నాయి! 1793లో బ్రిటిష్ రాయబారి మెకార్ట్‌నీ చైనా వెళ్లాడు. చక్రవర్తి చియెన్‌లుంగ్ ముందు ఎవరైనా మూడుసార్లు మోకరిల్లి, తొమ్మిదిసార్లు నుదురు నేలకు తాకించాల్సిందే. మెకార్ట్‌నీ ససేమిరా అన్నాడు. మా రాజు ముందు వంచినట్టు ఒక్క మోకాలు వంచుతానన్నాడు. వారాల తరబడి బేరం. చివరికి ఒక్క మోకాలే ఖాయమైంది!

ఆగండి, అసలు నవ్వు ముందుంది. చక్రవర్తికి కానుకగా దర్జా అయిన గుర్రబ్బండి తెచ్చారు. బండి ముందున్న ఎత్తైన సీటు చూసి చక్రవర్తి ఆసనం అదేననుకున్నారు కొలువువాళ్లు. కాదు, అది బండివాడిది! చక్రవర్తి కంటే ఎత్తున కూర్చుని, ఆయనకే వీపు తిప్పుతాడా అని నోళ్లు వెళ్లబెట్టారు. నన్నడిగితే వాళ్లు లేవనెత్తిన పాయింటు సరైనదే!

ఆ బృందంలో అందరికంటే బాగా నెగ్గుకొచ్చింది ఎవరో తెలుసా? పన్నెండేళ్ల పిల్లాడు! ఉపరాయబారి కొడుకు జార్జ్ థామస్ స్టాంటన్ ఓడ ప్రయాణంలోనే చైనీస్ నేర్చేసుకున్నాడు. వాడి మాటలకు ముచ్చటపడి చక్రవర్తి తన నడుముకున్న పట్టు సంచి తీసి ఇచ్చాడు. పెద్దవాళ్లకేమో... మీ సరుకులు మాకు అక్కర్లేదంటూ ఇంగ్లండ్ రాజు మూడో జార్జికి ఓ ఉత్తరం!

జపాన్ ఇంకా ఘనం. మీకు తెలుసా? అక్కడ డచ్చి వర్తకుల్ని రెండు శతాబ్దాలకు పైగా నాగసాకి దగ్గర దెజిమా అనే బుల్లి కృత్రిమ దీవిలో ఉంచారు. ఊళ్లోకి ఒక్కటే వంతెన. అప్పుడప్పుడు రాజధానికి వెళ్లి సైనిక పాలకుడు షోగున్‌కు దండం పెట్టాలి. 1691లో అలా వెళ్లిన వైద్యుడు కెంఫర్‌తో షోగున్ ఏం చేయించాడో తెలుసా? గెంతు, పాడు, డాన్సు చెయ్యి, తాగినవాడిలా నటించు! ఏ ఆడిషన్‌లోనూ ఇంత కష్టం ఉండదు!

1854లో అమెరికా నౌకాధిపతి పెర్రీ అదే జపాన్‌కు అసలు రైలులో నాలుగో వంతు ఉన్న బొమ్మ రైలు బహుమతిగా తెచ్చాడు. పెట్టెలో మనిషి పట్టడు. అయితేనేం! ఓ పెద్ద అధికారి పైకప్పు మీద ఎక్కి కూర్చుని, అంగీ గాలికి ఎగురుతుండగా గుండ్రంగా చక్కర్లు కొట్టాడు. వేగం గంటకు 20 మైళ్లు. సరిగ్గా 110 ఏళ్లకు, 1964లో, అదే జపాన్ గంటకు 210 కిలోమీటర్ల బుల్లెట్ రైలు నడిపి ప్రపంచానికి దిమ్మ తిరిగేలా చేసింది. టాపు మీద ప్రయాణం మాత్రం రద్దు!

గడ్డం ఉన్నవాళ్లు జేబులు తడుముకోండి! రష్యా జారు పీటర్ 1698లో పశ్చిమ ఐరోపా చూసొచ్చి, స్వాగతం చెప్పడానికి వచ్చిన ప్రభువుల గడ్డాలు తానే కత్తిరించాడు. గడ్డం గీయిస్తే దేవుడి రూపం చెరిపినట్టేనని రష్యన్ల బాధ. అయితే పన్ను కట్టండన్నాడు, 1705లో. ధనిక వర్తకుడికి ఏడాదికి 100 రూబుళ్లు! రశీదుగా రాగి బిళ్ల. దాని మీద ముక్కు, మీసం, గడ్డం బొమ్మ. మొహం మీద పెరిగేదానికి కూడా రశీదు!

మీకు తెలుసా? తుర్కియేలో 1925లో ఫెజ్ టోపీ పెట్టడం నేరమైంది. పాతకాలపు టోపీ వద్దు, ఐరోపా హ్యాటు పెట్టండని చట్టం. సంప్రదాయం మంటగలిసిందని జనం భగ్గుమన్నారు. మరి ఆ ఫెజ్ ఎప్పటిది? 1829లో సుల్తాన్ రెండో మహమూద్ తలపాగాలు తీయించి, ఆధునికత పేరుతో ఉద్యోగుల నెత్తిన పెట్టించింది! నూరేళ్లు నిండకుండానే ఫ్యాషన్ కాస్తా సనాతనమైపోయింది!

టోపీ కథ మన పక్కనే ఉంది, దూరం వెళ్లకండి. 1806 జులై 10, వేలూరు కోట. మద్రాసు సైన్యంలో సిపాయిలు బొట్టు పెట్టకూడదు, గడ్డం పెంచకూడదు, తోలు తురాయి ఉన్న కొత్తరకం తలపాగా పెట్టాలి అని దొరల హుకుం. హిందువులకూ కోపం, ముస్లింలకూ కోపం. తెల్లవారకముందే తుపాకులు పేలాయి. రెండు వైపులా వందల మంది పోయారు. 1857 సిపాయిల తిరుగుబాటు కంటే 51 ఏళ్లు ముందు! మద్రాసు గవర్నరు బెంటింక్‌ను వెనక్కి పిలిపించారు. 1828లో ఆయన్నే ఏకంగా గవర్నర్ జనరల్ చేసి పంపారు. ఉద్యోగమంటే అదీ!

ఇప్పుడు మేకుల ముచ్చట. 1767లో డాల్ఫిన్ అనే ఓడ తాహితి దీవి చేరింది. అక్కడ ఇనుము దొరికేది కాదు. ఒక్క మేకు దొరికితే పండగే! నావికులు ఇది కనిపెట్టి, ద్వీప సుందరుల స్నేహం కోసం మేకులు పంచడం మొదలెట్టారు. మేకులు ఎక్కడివి? ఓడవే! చివరికి ఉయ్యాల పడకలు కట్టే మేకులు కూడా పోయి, సిబ్బందిలో మూడింట రెండొంతుల మంది కింద పడుకున్నారు. ప్రేమ కోసం ఇల్లు గుల్ల చేసుకోవడమంటే ఇదే!

మీకు తెలుసా? మన బందరు బట్ట కట్టుకోవడం ఒకప్పుడు ఫ్రాన్సులో నేరం! కృష్ణా తీరంలో చిరివేరుతో తీసిన ఎరుపు ఎన్ని ఉతుకులకూ వెలిసేది కాదు. కలంతో పువ్వులూ తీగలూ గీసిన ఈ నూలు బట్టలు ఓడలెక్కి వెళ్లేసరికి ఐరోపా ఆడవాళ్లు మనసు పారేసుకున్నారు. అక్కడి నేతగాళ్ల కడుపు మండింది. 1686లో ఫ్రాన్స్ నిషేధించింది. 1759 దాకా ఎత్తలేదు. 73 ఏళ్లు! మరి రాజుగారి ప్రియురాలు మదామ్ పాంపదూర్ ఏం చేసింది? దొంగసరుకుతో తన భవనమే అలంకరించుకుంది!

లండన్‌లో ఇంకా ఘోరం. 1719లో నేతగాళ్లు గుంపులుగా వీధుల్లో పడి, అద్దకం బట్ట కట్టుకున్న ఆడవాళ్ల మీద సిరా చల్లారు, గౌన్లు చింపేశారు! పార్లమెంటు 1721లో చట్టం తెచ్చి ఆ బట్టలు తొడగడమే మాన్పించింది. ఇక్కడ చాప మీద కూర్చుని కలం పట్టిన మనిషికి తన పువ్వు లండన్‌లో అల్లర్లు రేపిందని తెలిసి ఉంటుందా? బందరు పక్కనే ఉన్న పెడన కలంకారీ వాళ్లు కాలరెగరేయొచ్చు!

రుద్రమదేవి తన జీవితంలో ఒక్క మిరపకాయైనా కొరకలేదు! మీకు తెలుసా? మిరప అమెరికా ఖండాల మొక్క. పోర్చుగీసు ఓడల్లో మన తీరానికి వచ్చింది 16వ శతాబ్దంలో. అంతకుముందు కారమంటే మిరియాలు, పిప్పళ్లే. టమాటా పప్పు లేదు, బంగాళాదుంప వేపుడు లేదు, పల్లీ చట్నీ అసలే లేదు. కాకతీయుల ఇడ్లీలోకి ఏం నంజుకున్నారో అనే ప్రశ్న మాకు వేయకండి!

చేత్తో తింటే నామోషీ అనే వాళ్లకు ఓ కబురు. 11వ శతాబ్దంలో బైజాంటియం రాకుమారి ఒకావిడ వెనిస్ దొరను పెళ్లాడి, బంగారు ఫోర్కుతో తినేది. మతగురువు పీటర్ డామియన్‌కు ఒళ్లు మండింది. వేళ్లతో తినక ఇదేం విలాసమని దులిపేశాడు. అంటే ఒకప్పుడు ఐరోపాలో సంస్కారం మన అరిటాకు దగ్గరే కూర్చుంది!

మీకు తెలుసా? ఇంగ్లండ్ రాజు రెండో చార్లెస్ కాఫీ హోటళ్లన్నీ మూసేయమని 1675 డిసెంబరు 29న ప్రకటించాడు. తుర్కుల పానీయం తాగుతూ జనం రాజకీయాలు మాట్లాడుతున్నారని భయం. ఊరంతా గగ్గోలు. జనవరి 8న హుకుం వెనక్కి! అంటే పట్టుమని పదకొండు రోజులు కూడా నిలవలేదు. కాఫీతో పెట్టుకుంటారా!

అదే లండన్‌లో 1810లో మొదటి భారతీయ హోటల్ తెరిచింది పట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్. కూరలు, హుక్కా, వెదురు కుర్చీలు! రెండేళ్లకే దివాలా. ఊరుకున్నాడా? బ్రైటన్ చేరి ఆవిరి స్నానం, తలంటు, ఒళ్లు పట్టడం మొదలెట్టి ఇద్దరు ఇంగ్లండ్ రాజులకు ఆస్థాన మర్దనకారుడయ్యాడు. కూరకు పడని దొరలు తలంటుకు పడిపోయారు!

క్రికెట్ పిచ్చోళ్లారా, ఇది మీకే! పాపువా న్యూగినీలోని ట్రోబ్రియాండ్ దీవుల్లో తెగల కొట్లాటలు మాన్పించాలని 1903లో గిల్మర్ అనే మిషనరీ క్రికెట్ నేర్పాడు. వాళ్లు ఏం చేశారు? జట్టుకు ఎంతమందైనా ఆడొచ్చు. వికెట్ పడితే జట్టంతా డాన్సు. బంతికి, బ్యాటుకు మంత్రాలు. ఎవరి ఊళ్లో ఆడితే ఆ ఊరిదే గెలుపు! అంపైర్ల గొడవే లేదు, ఎంత హాయి!

వనువాటులోని తన్నా దీవిలో ఓ ఊరి దేవుడు ఎవరో చెప్పండి చూద్దాం. ఎలిజబెత్ రాణిగారి భర్త ప్రిన్స్ ఫిలిప్! ఆయన సంతకం చేసి ఫొటో పంపితే, ఊరివాళ్లు పంది వేట దుడ్డుకర్ర పంపారు. ఆయన దాన్ని పట్టుకుని ఫొటో దిగి మళ్లీ పంపాడు. 2021లో ఆయన పోతే అక్కడ సంతాపాలు పాటించారు. ఇంట్లో రాణిగారి వెనక రెండడుగులు, తన్నాలో మాత్రం దైవం!

తలమీద కొట్టి మాన్పించిన భాషే యుద్ధంలో కాపాడింది, మీకు తెలుసా? అమెరికా బడుల్లో నవాహో పిల్లలు తమ భాష మాట్లాడితే శిక్షలు వేసేవారు. 1942లో అదే ప్రభుత్వం 29 మంది నవాహోల్ని పిలిచి, ఆ భాషలోనే రహస్య సంకేతాలు అల్లించింది. ట్యాంకుకు తాబేలు, జలాంతర్గామికి ఇనుప చేప! జపాన్ ఎంత జుట్టు పీక్కున్నా విప్పలేకపోయింది. అమెరికా బంగారు పతకం ఇచ్చిందెప్పుడు? 2001లో!

మారిషస్‌లో ఉగాది దేశమంతటికీ సెలవు! చెరకు తోటల్లో కూలికి వెళ్లిన తెలుగువాళ్ల వారసులు సంపాదించుకున్న పండగ అది. అదే దేశంలో 1998లో కరెన్సీ నోటు మీద తమిళాన్ని ఒక వరస కిందికి దించేసరికి తమిళులు భగ్గుమన్నారు. ప్రభుత్వం ఆ నోట్లన్నీ వెనక్కి తీసుకుంది. వరస మారితే డబ్బుకూ విలువ లేదు!

బల్గేరియా వెళ్తే జాగ్రత్త. అక్కడ తల నిలువుగా ఊపితే కాదని, అడ్డంగా ఊపితే ఔనని. మనం మాత్రం రెండూ కలిపి ఊపి వాళ్లనే తికమక పెట్టగలం!

ఆఖరి ప్రశ్న మన హైదరాబాద్ నుంచే. కోఠి రెసిడెన్సీ కట్టించిన బ్రిటిష్ దొర జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ మొగలాయి అంగరఖా తొడిగి, ఇస్లాం పుచ్చుకుని, 1800 ప్రాంతంలో ఖైరున్నీసాను పెళ్లాడాడు. కలకత్తాలో గవర్నర్ జనరల్ విచారణే వేయించాడు! పరదాలో ఉన్న బేగం ఆ మహల్ ముందుభాగం చూడలేదు కదా, అందుకని జనానా తోటలో అచ్చం అలాంటి బుల్లి నమూనా కట్టించాడని చెప్పుకుంటారు. 1805లో పిల్లలిద్దర్నీ ఇంగ్లండ్ పంపేశారు. అదే ఏడాది దొర చనిపోయాడు. పిల్లల్ని తల్లి మళ్లీ చూడనే లేదు. వాళ్లలో కిట్టీని చూసి మనసు పడింది ఎవరో తెలుసా? ప్రసిద్ధ రచయిత థామస్ కార్లైల్!

ఆ బుల్లి మహల్ ఇప్పటికీ ఉంది. కోఠి మహిళా కళాశాల, అంటే ఇప్పటి చాకలి ఐలమ్మ మహిళా విశ్వవిద్యాలయం ఆవరణలో. ఈసారి కోఠిలో పాత పుస్తకాల బేరం అయ్యాక, అనుమతి దొరికితే లోపలికెళ్లి చూసి రండి!