నీట జాఱిన నగ

కర్నూలున తుంగభద్రలో స్నానమాడునపుడు ముక్కుపుడకయో మెట్టెయో జాఱినచో అయస్కాంతముతో వెదకుట వృథా; బంగారమును వెండియు దాని కంటవు. వానిని పసిగట్టునది మెటల్ డిటెక్టరు. దాని తీగచుట్ట నీట మునిగినను, పెట్టె తడియరాని యంత్రములు పెక్కు గలవు గావున కొనునపుడే యడుగవలెను. తొలుత నింటి యుంగరమునే యిసుకలో పాతి, ఆ ధ్వనిని చెవికి మప్పవలెను. పిమ్మట, ప్రవాహము తగ్గిన వేసవిలో, తోడు లేక దిగక, మోకాటిలోతు మించక, చుట్టను అడుగునకు చేరువగా మెల్లమెల్లగా త్రిప్పవలెను. మ్రోగినవానిలో మేకులే యధికము!

పాతకాలపు నిధి యేదేని భూమిలో దొరకి, దాని వెల పదిరూపాయలు మించినచో, 1878 నాటి నిక్షేపముల చట్టము ననుసరించి కలెక్టరునకు తెలుపక తప్పదు. కడప సీమలో పుష్పగిరివంటి ప్రాచీనక్షేత్రముల చెంత పెన్నలో యంత్రము దింపనే రాదని మా మతము. త్రవ్విన గుంతను పూడ్చియే రావలెను. మఱునాడు పసివారచ్చటనే దిగుదురు.