యూనిట్టు కరెంటుకు ఎన్ని నీళ్లు?

మోట తోలేనాడు ఎద్దులకు చొప్ప, ఉలవలు పెట్టేవాళ్లం. మేతలోని రసాయన శక్తే కండబలమై నీటిని పైకి లాగేది. నేడు కరెంటు మోటారు ఆ పని చేస్తున్నది. విద్యుచ్ఛక్తి చలనశక్తి అవుతుంది. పైకెక్కిన నీటిలో స్థితిశక్తిగా నిలుస్తుంది. శక్తి పుట్టదు, నశించదు. రూపు మారుతుంది, అంతే.

మరి కొలత ఏది? హార్స్ పవరు శక్తికి కొలత కాదు, పని సాగే జోరుకు కొలత. ఒక హార్స్ పవరు 746 వాట్లు. వెయ్యి వాట్ల జోరున గంటసేపు వాడిన శక్తి ఒక యూనిట్టు, అంటే 36 లక్షల జౌల్సు. ఏ నష్టమూ లేకుంటే ఈ ఒక్క యూనిట్టు 36 వేల లీటర్ల నీటిని 10 మీటర్ల ఎత్తుకు ఎక్కించగలదు.

మీ పంపు అందులో సగమే పోస్తే తక్కిన శక్తి ఏమైనట్టు? మోటారులోను, ఇరుకు పైపుల్లోను, అక్కరలేని వంపుల్లోను రాపిడికి వేడిగా మారి పోయినట్టే గదా!

ఒక పని చేయండి. 200 లీటర్ల పీపా ఎన్ని సెకండ్లలో నిండుతున్నదో రాసిపెట్టుకోండి. బావిలో నీటిమట్టం అంతే ఉండి, పీపా నిండడం ఆలస్యమైతే, ఫుట్‌వాల్వు, పంపు చూపించండి. మోటారు కాలిపోయాక చూపిస్తే పైరు ఆగదు.