రేవుబాటకు తూకమేది?

విశాఖపట్టణపు రేవు 1933లో తెరువబడినది. ఉక్కు కర్మాగారము 1992లో జాతి కంకితమైనది. ఈ రెంటి సరకులో రైలుబండ్లు మోయగా మిగిలినది లారీలపాలు, లారీల భారము బాటపాలు అగుచున్నది. వానకాలము రాగానే బాట గుంటలు పడుట, పైన తారు పూయుట, మరుసటి వాన కది లేచిపోవుట పరిపాటియైనది. దీనికి వానను నిందించుట లోకాచారము. వాన నిర్దోషి యని మేమనము. అయినను మొదటి ముద్దాయి యది కాదు.

అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రమున 1958 మొదలు 1960 వరకు ఇంజనీర్లు పలు మందముల బాటలు వేసి, వానిపై లారీలను త్రిప్పి పరీక్షించిరి. ఇరుసుపై బరువు రెట్టింపైనచో బాటకు కలుగు హాని సుమారు పదునారు రెట్లగునని తేలినది. మన కేంద్ర ప్రభుత్వము 2018లో నాలుగు చక్రముల యొంటి ఇరుసునకు అనుమతించిన బరువును 10.2 టన్నులనుండి 11.5 టన్నులకు పెంచినది. ఎనిమిదవ వంతే గదా యనిపించును. పై లెక్క ప్రకారము హాని నూటికి అరువది వంతులు హెచ్చినది! పూర్వము వేసిన బాటలు ఆ యుత్తరువును చదివి తమ మందమును పెంచుకొనలేదు. ఇది చట్టమునకు లోబడిన లారీల మాట. లోబడనివాని సంగతి పాఠకులే యూహింతురు గాక.

తారుపొరయే బాట యని పలువురు తలంతురు. దానిక్రింద కంకర, గ్రావెలు, అట్టడుగున కుదించిన మన్ను ఉండును. చక్రపు భారమును పొరపొరకును పరచి, మంటికి చేరునప్పటికి తేలికపరచుటయే వీని పని. భారము మితిమీరినచో తారుపొర అడుగున సాగి బీటవారును. ఆ బీట పైకి ప్రాకును. మన్ను అణగి చక్రపుజాడ గాడి యగును. ఇండియన్ రోడ్స్ కాంగ్రెసువారి 37వ సంఖ్యగల నిబంధనావళి ఈ రెండు హానులను లెక్కించియే మందమును నిర్ణయింపుమనుచున్నది. మంటిబలమును సైతము నాలుగు దినములు నీట నానబెట్టి పరీక్షింతురు. వానను శాస్త్రము మరువలేదు. మరచినవి మన మురుగుకాలువలు.

సామగ్రికిని కొదువలేదు. సూరతు చెంత హజీరాలో 2022లో ఉక్కుచిట్టెముతోనే బాట వేసిరి. చిట్టెములో మిగిలిన సున్నము తడి తగిలి యుబ్బును గనుక, ఎండవానలకు మాగించిన పిదపగాని దానిని వాడరాదు. కొలిమి ముంగిటనున్న విశాఖకు ఈ విద్య అలవడరానిది కాదు.

అధికభారమువలని లాభము సరకు యజమానికి చేరును. మరమ్మతు వ్యయము పన్ను చెల్లించువానిది. గాడిలో చక్రము జారి పడునది స్కూటరుపై పనికి పోవు కూలివాడు. కావున షీలానగరునుండి రేవునకు పోవు మార్గమున ప్రతి లారీని ఇరుసు ఇరుసునకు తూచి, మించిన సరకును అచ్చటనే దింపింపవలెనని మేము కోరుచున్నాము. కనీస మొక నెల తూకపు లెక్కలనైనను అధికారులు ప్రజల యెదుట పెట్టుదురు గాక.