చదువు చేతికి రాకముందే వడ్డీ మోత!

ఫీజు రీయింబర్స్‌మెంటు వర్తించని కుటుంబాలకు, ఆ సొమ్ము సకాలంలో అందని కుటుంబాలకు బ్యాంకు అప్పే దిక్కవుతోంది. విద్యారుణానికి బ్యాంకు మెట్లెక్కే రైతులు ముందుగా ఒక లెక్క చూసుకోవాలి.

ఇంజనీరింగు చదువుకు ఏటా లక్ష చొప్పున నాలుగేళ్లలో 4 లక్షలు తీసుకున్నారనుకుందాం. వాయిదాలు మొదలయ్యేది చదువు ముగిసిన ఏడాదికి. వడ్డీ మాత్రం తొలి ఫీజు కట్టిన నాటి నుంచే నడుస్తుంది. 10 శాతం బారువడ్డీ వేసినా అప్పటికి 1.40 లక్షలు. అంటే తొలి వాయిదా నాటికే బాకీ 5.40 లక్షలు!

4 లక్షల వరకు పొలం తాకట్టు అడగరాదు. అయినా అప్పు పత్రాలపై తండ్రో తల్లో సంతకం చేయాల్సిందే. బిడ్డకు ఉద్యోగం రాకపోతే నోటీసు ఆ ఇంటికే వస్తుంది.

అసలు ఫీజు పెరిగేదెక్కడ? కాలేజీలు చూపే ఖర్చులోనే. సుప్రీంకోర్టు 2003 నాటి తీర్పుతో ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల ఫీజుల నిర్ణయానికి రాష్ట్రాల్లో కమిటీలు ఏర్పడ్డాయి. జీతాలు, భవనాలు, ప్రయోగశాలల పద్దులు చూసి ఇవి ఫీజు తేలుస్తాయి. పద్దు పెరిగితే ఫీజు, ఫీజు పెరిగితే అప్పు పెరుగుతాయి. రాసిన ఖర్చు తరగతి గదికి చేరిందా లేదా అన్నది అప్పుచేసి ఫీజు కట్టేవారికి తెలియాలి కదా!

ఒక ఊరట ఉంది. కుటుంబ ఆదాయం ఏడాదికి 4.5 లక్షలు మించకపోతే, గుర్తింపు ఉన్న కాలేజీల్లో వృత్తి, సాంకేతిక కోర్సులకు చదువు కాలపు వడ్డీని కేంద్రమే భరించే పథకం 2009లో వచ్చింది. ఆదాయ ధ్రువపత్రం చేతపట్టుకునే బ్యాంకుకు వెళ్లాలి. సంతకానికి ముందే ఈ రాయితీ సంగతి అడగాలి.