కెమెరా మెమరీ కార్డుని గుర్తించట్లేదా? ‘ఫార్మాట్’ నొక్కే ముందు ఇది చదవండి

సంక్రాంతికి రేపల్లె వెళ్లినప్పుడు అమ్మమ్మ బీరువాలో తాతయ్య వాడిన డిజిటల్ కెమెరా దొరికింది. పాత డిజిక్యామ్‌లకి ఇప్పుడు మళ్లీ క్రేజ్ వచ్చింది కదా, మర్నాడు సూర్యలంక బీచ్‌కి పట్టుకెళ్దామని పిన్ని పిల్లలు ఒకటే గోల. బ్యాటరీ చార్జ్ అయింది, లెన్స్ బయటికొచ్చింది. స్క్రీన్ మీద మాత్రం ‘కార్డ్ ఎర్రర్’. లోపలున్న 2 జీబీ కార్డు తీసేసి, నా దగ్గరున్న 64 జీబీ మైక్రో ఎస్‌డీని అడాప్టర్‌లో పెట్టి వేశా. మళ్లీ అదే మెసేజ్.

“కెమెరా పోయింది రా, పక్కన పడెయ్” అన్నాడు మామయ్య. అమ్మమ్మ మాత్రం “కెమెరా పోతే పోయింది, ఆ కార్డులో మీ తాతయ్య ఫొటోలున్నాయి, అవి చూడు” అంది. తాతయ్య ఇప్పుడు లేరు. ప్రింట్ వేయించిన ఫొటోలు నాలుగో ఐదో, అంతే.

రెండు కార్డులకీ ఒకే ఎర్రర్ వచ్చేసరికి నేనూ కెమెరాదే తప్పనుకున్నా. తీరా చూస్తే రెండింటికీ కారణాలు వేరు.

ముందు 64 జీబీ సంగతి. ఎస్‌డీ కార్డులన్నీ పైకి ఒకేలా ఉంటాయి, స్లాట్‌లో ఒకేలా దూరతాయి. లోపల మాత్రం తరాలు వేరు. 2 జీబీ వరకు మామూలు ఎస్‌డీ. 2006లో వచ్చిన ఎస్‌డీహెచ్‌సీ 32 జీబీ దాకా. 2009లో వచ్చిన ఎస్‌డీఎక్స్‌సీ అంతకు పైన. పాత ఎస్‌డీలో డేటా ఎక్కడుందో కెమెరా బైట్ల లెక్కన అడుగుతుంది, ఎస్‌డీహెచ్‌సీ నుంచి 512 బైట్ల బ్లాకుల లెక్కన అడగాలి. ఆ లెక్క తెలియని కెమెరాకి 8 జీబీ కార్డు ఇచ్చినా అర్థం కాదు. ఇక ఎస్‌డీఎక్స్‌సీ కార్డులు ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో వస్తాయి, పాత కెమెరాలకి తెలిసింది ఫ్యాట్32 వరకే. మీ కెమెరా ఏ తరానిదో తెలియాలంటే స్లాట్ మూత దగ్గర లోగో చూడండి. మాదాని మీద ఎస్‌డీహెచ్‌సీ అని ఉంది. అంటే 32 జీబీ దాటితే నమ్మకం లేదు. 64 జీబీ కార్డుని ఫ్యాట్32లోకి మార్చితే కొన్ని కెమెరాలు తీసుకుంటాయి గానీ, గ్యారంటీ ఇవ్వలేం. చిన్న కార్డు కొనుక్కోవడమే సుఖం.

అసలు తలనొప్పి తాతయ్య కార్డుతోనే. మొదట లాక్ చూశా. పక్కనుండే ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క కార్డు లోపలి స్విచ్ కాదు. అది ఎక్కడుందో స్లాటే తడిమి చూసుకుంటుంది. ముక్క ఊడిపోయినా కార్డు లాక్ అయిందనే అనుకుంటుంది. అప్పుడు ఆ ఖాళీ మీద సెల్లో టేప్ ముక్క అంటిస్తే చాలు. మాకు ఆ సమస్య లేదు. వెనక్కి తిప్పితే అసలు విషయం కనబడింది. బంగారు రంగులో ఉండాల్సిన పిన్నుల మీద నల్లటి మచ్చలు. మా వైపు తీరప్రాంతపు గాలికి ఇన్నేళ్లు బీరువాలో ఉంటే అలాగే అవుతుంది.

మర్నాడు సూర్యలంక వెళ్తూ బాపట్లలో ఆగాం. నేను బీటెక్ చదివింది అక్కడే. నా హాస్టల్ ఫ్రెండ్ ఒకడు ఇప్పుడు అక్కడ స్టూడియో నడుపుతున్నాడు. బీచ్‌లో ప్రీ వెడ్డింగ్ షూట్లు చేసేవాడికి ఈ జబ్బులన్నీ అలవాటే. ఇసుకలో నిలబడి కార్డు మార్చనే మార్చడట, కారులో కూర్చుని తలుపులేసుకుని మారుస్తాడట. నేను రబ్బరుతో రుద్దబోతుంటే ఆపాడు. దాంతో పైపూత లేచిపోతుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఇయర్ బడ్ ముంచి మెల్లగా తుడిచి, బాగా ఆరనిచ్చాడు. నా చవక కార్డ్ రీడర్‌లో పెడితే ఏమీ రాలేదు. వాడి రీడర్‌లో పెట్టగానే డ్రైవ్ లెటర్ కనబడింది! అందుకే కార్డు చచ్చిపోయిందని తేల్చే ముందు కనీసం ఇంకో రీడర్‌లో చూడండి.

వెంటనే విండోస్ అడిగింది, ఈ డిస్క్ వాడాలంటే ఫార్మాట్ చేయాలి, చేయనా అని. వెనక నుంచి మామయ్య “ఓకే కొట్టు, పనైపోతుంది” అన్నాడు. నేను క్యాన్సిల్ కొట్టా. చాలామంది ఫొటోలు పోగొట్టుకునేది సరిగ్గా ఇక్కడే. ఆ మెసేజ్‌కి అర్థం ఫొటోలు లేవని కాదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక చదవలేకపోతున్నానని. క్విక్ ఫార్మాట్ చేస్తే ఆ పట్టికని కొత్తగా రాసేస్తుంది. ఫుల్ ఫార్మాట్ అయితే డేటా మీదే సున్నాలు రాస్తుంది, ఇక తిరిగి రాదు.

ఆ కార్డు మళ్లీ ఎంతసేపు పనిచేస్తుందో తెలియదు కాబట్టి, ముందు మొత్తం కార్డుని ఒక ఇమేజ్ ఫైల్‌గా ల్యాప్‌టాప్‌లోకి దించేశా. విండోస్‌లో విన్32 డిస్క్ ఇమేజర్‌తో ‘రీడ్’ కొట్టాలి (‘రైట్’ కాదు, జాగ్రత్త!). లైనక్స్ వాడేవాళ్లకి డీడీ రెస్క్యూ ఉంది, చదవలేని చోట్లని దాటేసి తర్వాత మళ్లీ ప్రయత్నిస్తుంది. ఇక ఏం చేసినా ఆ కాపీ మీదే, కార్డు ముట్టుకోనక్కర్లేదు.

సాయంత్రం తెనాలిలో మా ఇంటికొచ్చాక ఆ కాపీ మీద ఫొటోరెక్ నడిపా. ఇది ఉచితం. పాడైన పట్టికని పట్టించుకోదు, ప్రతి జేపెగ్ మొదట్లో ఉండే గుర్తుని వెతుక్కుంటూ పోతుంది. పాత ఫైల్ పేర్లు రావు, ముక్కలుగా సేవ్ అయిన ఫొటోలు కింద సగం బూడిద రంగులో వస్తాయి. మాకు మూడొందల పైచిలుకు వచ్చాయి, ఓ ఇరవై అలా సగమే. తాతయ్య వరండాలో పేపర్ చదువుతున్న ఫొటో మాత్రం పూర్తిగా వచ్చింది.

కెమెరా కోసం తెనాలిలో రెండు మూడు షాపులు తిరిగితే వాడేసిన 8 జీబీ కార్డు ఒకటి దొరికింది. వాడే ముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూతో చెక్ చేశా, ఎందుకంటే చెప్పిన సైజు లేని నకిలీ కార్డులు మార్కెట్లో ఉన్నాయి. ఈ టెస్ట్ ఖాళీ కార్డు మీదే చేయాలి. ఆ తర్వాత కెమెరాలోనే ఫార్మాట్ చేశా. ఇప్పుడు చక్కగా పనిచేస్తోంది.

ఒక్కటే మిగిలిపోయింది. ఫొటోల్లో డేట్ చూస్తే చాలావాటికి 2008 జనవరి 1 అని ఉంది. కెమెరాలో ఎవరూ డేట్ సెట్ చేయలేదు. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని సరిచేయలేదు. ఆ వరండా ఫొటో అమ్మమ్మకి వాట్సాప్‌లో పంపితే ఫోన్ చేసింది. “వెనక గోడకి ఇంకా రంగు వేయలేదు చూడు, మీ మామయ్య పెళ్లికి ముందుది” అంది.