ఎండాకాలానికి కలంకారీ హౌస్‌కోటు

మే నెల ఎండకు సరూర్‌నగర్ డాబా ఇళ్ళు కుంపట్లే! వంటింట్లో అరగంట నిలబడితే సింథటిక్ నైటీ ఒంటికి అతుక్కుపోతుంది. ఇంతలో కాలింగ్ బెల్ మోగితే నైటీ మీద టవల్ కప్పుకుని పరుగెత్తడం మనకి అలవాటే కదూ?

ఈ రెండు ఇబ్బందులూ తీర్చే బట్ట మనదే. పెడన, మచిలీపట్నాల్లో కరక్కాయ నీట ముంచిన నూలుబట్ట మీద చెక్క అచ్చులతో అద్దే కలంకారీ! 17, 18 శతాబ్దాల్లో మన కోస్తా తీరపు అద్దకం బట్టలు ఓడలెక్కి యూరప్ వెళ్ళాయి. అక్కడి మగవాళ్ళు వాటితో వదులు గౌన్లు కుట్టించుకుని ఇంట్లో దర్జాగా తిరిగేవారు. వాటి పేరు 'బన్యన్'. మన బనియను పేరూ అదే మాట!

మరి మనం కుట్టించుకోవద్దూ? మధ్యస్థంగా ఉన్నవారికి 44 అంగుళాల పన్నా బట్ట మూడున్నర మీటర్లు సరిపోతుంది. కత్తిరించే ముందు ఒక రాత్రి ఉప్పునీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేయండి. ముడుచుకునేదేదో ముందే ముడుచుకుంటుంది. ముందువైపు ఒకదానిమీదొకటి వచ్చేలా పెట్టించి, నాడాలు లోపలికి కుట్టించండి. చేతులు మోచేతి వరకే చాలు. జేబు మరవకండి. పల్చటి నూలు స్లిప్ మీద తొడుక్కుంటే గాలాడుతుంది, తలుపూ తీయొచ్చు.

ఒక్క జాగ్రత్త. సింథటిక్‌లా కరిగి ఒంటికి అంటుకోకపోయినా, నూలుకూ నిప్పంటుకుంటుంది. కుచ్చులు, వేలాడే చేతులు వద్దు.

అచ్చులు అక్కడక్కడ కలవలేదని దిగులుపడకండి. చేతి అద్దకానికి అదే అందం!