ఉద్యోగపు దరఖాస్తు – సొంత వివరముల భద్రత

మన రైతుల బిడ్డలు పలువురు నేడు ఇంటర్నెట్టు ద్వారా ఉద్యోగములకు దరఖాస్తు చేయుచున్నారు. ఇది మంచిదే. కాని యే వివరమును ఎవరికి, ఎప్పుడు తెలుపవలయునో యెఱిగి మెలగవలయును. పట్టాదారు పాసుపుస్తకమును సంతలో కలిసిన క్రొత్తవాని చేతికిచ్చు రైతు ఉండడు గదా! ఆధారు, పాను, బ్యాంకు ఖాతా వివరములును అట్టివే.

కంపెనీలకు పంపు మొదటి దరఖాస్తులో పేరు, చదువు, అనుభవము, ఫోను నంబరు సాధారణముగా చాలును. జీతము జమచేయుటకు వలయు ఖాతా వివరములను, ఉద్యోగము స్థిరపడి, యజమాని నిజమైనవాడని విచారించుకొనిన పిదపనే యీయవలయును. ప్రభుత్వోద్యోగములకు ఆధారు మొదలగునవి అడిగినచో, ఆ శాఖవారి వెబ్‌సైటునందే నింపవలయును. నకలు పంపవలసినచోట, 12 అంకెలలో చివరి 4 మాత్రమే కనబడు మాస్క్‌డ్ ఆధారు చాలునేమో అడుగుడు.

ఫోనులో ఓ.టి.పి. చెప్పుమనువాడు మోసగాడు. "మీ ఖాతాలో సొమ్ము వేసెదము, దానిని వేఱొకరికి పంపి కమీషను తీసికొనుడు" అనుట ఉద్యోగము కాదు. దొంగసొమ్ము ఆ దారిన నడచినచో ఖాతా నిలిపివేయబడును. అందలి పంట సొమ్మును చిక్కుకొనును. విచారణ ఖాతాదారునిపై బడును.

మోసపోయినచో సిగ్గుపడి జాగు చేయరాదు. వెంటనే 1930 నంబరునకు ఫోను చేసి, బ్యాంకువారికిని తెలుపుడు. సొమ్ము చేతులు మాఱకమునుపే తెలిపినచో దానిని ఆపుటకు వీలుండును.